ఓస్లో నుంచి ఓరుగల్లుకు: ఓవర్‌రైడింగ్ చరిత్ర

ఓవర్‌రైడింగ్ అంటే పై క్లాసు నుంచి వారసత్వంగా వచ్చిన మెథడ్‌ను కింది క్లాసు అదే పేరుతో, అవే పారామీటర్లతో తనకు తగినట్టు మళ్లీ రాసుకోవడం. ఆర్టీసీ టికెట్లకు ఒక ప్రోగ్రాం రాయాలంటే మొదట ‘బస్సు’ అనే పేరెంట్ క్లాసు రాసుకుంటారు. దూరాన్ని బట్టి ఛార్జీ లెక్కగట్టే మెథడ్ అందులో ఉంటుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, గరుడ దాని చైల్డ్ క్లాసులు. పల్లెవెలుగుకు పై లెక్కే సరిపోతే అది ఏమీ రాసుకోనక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్, గరుడ మాత్రం తమ లెక్క తాము రాసుకుంటాయి. ప్రోగ్రాంలో మిగతా భాగమంతా ‘బస్సూ, నీ ఛార్జీ ఎంత?’ అని ఒక్క ప్రశ్నే అడుగుతుంది. ఎదురుగా ఉన్నది ఏ రకం బస్సో అడిగే కోడుకు తెలియనక్కర్లేదు. ప్రోగ్రాం నడుస్తున్న క్షణంలో ఆ ఆబ్జెక్ట్ ఏ క్లాసుదో చూసి, ఆ క్లాసు మెథడే జవాబు చెబుతుంది. రేపు కొత్త రకం బస్సు వచ్చి చేరినా అడిగే కోడులో ఒక్క అక్షరం మార్చే పని ఉండదు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు ఇంత పేరు రావడానికి పెద్ద కారణం ఇదే.

ఇంతవరకు యంత్రం పని, అది సులువే. చిక్కంతా మనుషుల మధ్య ఒప్పందంలో ఉంది. పేరెంట్ క్లాసు రాసేది ఒకరు, చైల్డ్ క్లాసు రాసేది మరొకరు. ఆ రెండోవారు చాలాసార్లు వేరే ఊళ్లో, వేరే కంపెనీలో, కొన్నేళ్ల తర్వాత కూర్చుని రాస్తారు. ఇద్దరూ ఎన్నడూ కలుసుకోరు. పైవారి మెథడ్‌ను మార్చుకోవడానికి పైవారి అనుమతి కావాలా? మారుస్తున్నానని కిందివారు బాహాటంగా చెప్పాలా, చెప్పకపోయినా చెల్లుతుందా? 1967 నుంచి ఇప్పటిదాకా వచ్చిన ప్రతి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాష ఈ రెండు ప్రశ్నలకు తనదైన జవాబు ఇచ్చింది. ఓవర్‌రైడింగ్ చరిత్ర అంటే ఆ జవాబుల చరిత్రే.

మొదటి జవాబు నార్వే నుంచి వచ్చింది. ఓస్లోలోని నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె యోహాన్ డాల్ 1960ల తొలినాళ్ల నుంచి సిమ్యులేషన్ మీద పనిచేశారు. క్యూలు ఎలా పెరుగుతాయి, సరుకు ఎక్కడ ఆగిపోతుంది, వాహనాలు ఎక్కడ పోగుపడతాయి అన్నవాటిని కంప్యూటర్ మీద నడిపి చూడటం వారి పని. 1965 నాటికి వారి సిమ్యులా భాష తొలి రూపం యూనివాక్ 1107 యంత్రం మీద నడిచింది. వాడకంలో ఒక ఇబ్బంది బయటపడింది. దాదాపు ఒకేలా ఉండే రెండు వస్తువులను కూడా వేర్వేరుగా మొదటినుంచీ చివరిదాకా వర్ణించాల్సి వచ్చేది. టోల్ బూత్ ఉన్న ఒక వంతెన, దాని ముందు వరుసకట్టిన లారీలు, బస్సులు: ఇదీ వారిని ఆలోచింపజేసిన ఉదాహరణ. క్యూలో నిలబడటం, ముందుకు కదలడం లారీకైనా బస్సుకైనా ఒక్కటే. తేడా కొంతే.

1966లో టోనీ హోర్ రికార్డుల మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో ఉపతరగతుల ఊహ ఉంది. దాన్ని అందిపుచ్చుకుని డాల్, నైగార్డ్ ఒక క్లాసు ముందు మరో క్లాసు పేరు తగిలించే పద్ధతి రూపొందించారు. ‘వాహనం’ అని ముందు పెట్టి ‘బస్సు’ క్లాసు రాస్తే వాహనానికి ఉన్నవన్నీ బస్సుకు వస్తాయి. 1967 మే నెలలో ఓస్లో శివార్లలోని లీసెబులో జరిగిన అంతర్జాతీయ సదస్సులో క్లాసు, సబ్‌క్లాసుల మీద వారి పత్రం ప్రపంచం ముందుకు వచ్చింది. ఆ ఏడాది పేరుతోనే భాషను సిమ్యులా 67 అన్నారు.

వచ్చినదాన్ని మార్చుకునే వీలును సిమ్యులా 67 ‘వర్చువల్’ అనే ప్రకటనతో ఇచ్చింది. తన ప్రొసీజర్లలో, అంటే మెథడ్లలో, వేటిని కిందివారు మార్చుకోవచ్చో పై క్లాసు ముందే పేరుపేరునా చెప్పాలి. అలా చెప్పని ప్రొసీజర్‌ను కింది క్లాసు అదే పేరుతో మళ్లీ రాసుకున్నా, పై క్లాసులోని కోడు మాత్రం తన పాతదాన్నే పిలుస్తుంది. అనుమతి పైనుంచి రావాలన్నది మొదటి జవాబు. కింది క్లాసు మాత్రం తాను మారుస్తున్నట్టు ఎక్కడా చెప్పాల్సిన పనిలేదు.

సిమ్యులాలో ఇంకో సంగతి ఉంది, దీన్ని తరవాతివారు చాలామంది మరిచిపోయారు. క్లాసు శరీరంలోని వాక్యాల విషయంలో కింది క్లాసు పైదాన్ని కొట్టివేయలేదు. పై క్లాసు తన వాక్యాల మధ్య ‘ఇన్నర్’ అని ఒక చోటు వదిలిపెడుతుంది, కింది క్లాసు వాక్యాలు వచ్చి ఆ చోట్లో కూర్చుంటాయి. ముందూ వెనకా పైవారి పని తప్పకుండా జరుగుతుంది. నైగార్డ్ తరవాత డెన్మార్క్, నార్వే సహచరులతో కలిసి తయారుచేసిన బీటా భాష ఈ పద్ధతినే మెథడ్లన్నిటికీ వర్తింపజేసింది. బీటాలో చైల్డ్ క్లాసు చేర్చగలదు గానీ చెరపలేదు. ఈ దారిన నడిచిన భాషలు తక్కువే అయినా ఇందులోని జాగ్రత్త విలువైనది. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత లైబ్రరీలు రాసేవారు అదే జాగ్రత్త కోసం వేరే పేర్లతో వెతుక్కోవాల్సి వచ్చింది.

1967 తెలుగునేల మీద కూడా కంప్యూటర్లకు సంబంధించి గుర్తుంచుకోవాల్సిన ఏడాది. ఆ ఏప్రిల్‌లోనే హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది, కొద్దికాలంలోనే టీడీసీ పేరుతో దేశీయ కంప్యూటర్లు తయారుచేయసాగింది. వరంగల్‌లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి జవహర్‌లాల్ నెహ్రూ 1959 అక్టోబర్ 10న శంకుస్థాపన చేశారు. దేశంలో ఆర్ఈసీల వరుసకు అదే తొలి కాలేజీ. 1967లో కాజీపేట నుంచి హన్మకొండ వెళ్లే దారిలోని ఆ ప్రాంగణంలో వినిపించే మాటలు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాలవి. ఓస్లో ఆలోచన ఇక్కడికి చేరడానికి అమెరికా చుట్టూ తిరిగి రావాలి.

ఆ తిరుగుదారిలో మొదటి మజిలీ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాల. అలన్ కే బృందం 1970లలో అక్కడ స్మాల్‌టాక్ భాషను నిర్మించింది. 1972 నాటి తొలి రూపంలో వారసత్వమే లేదు. డాన్ ఇంగాల్స్ చేతుల మీదుగా 1976లో వచ్చిన రూపంలో క్లాసుల వంశవృక్షం కుదురుకుంది. 1981 ఆగస్టులో బైట్ పత్రిక ప్రత్యేక సంచికతో స్మాల్‌టాక్ 80 ప్రపంచమంతటికీ తెలిసింది.

స్మాల్‌టాక్ జవాబు సిమ్యులాకు పూర్తిగా ఎదురు. ఇక్కడ అనుమతుల ఊసే లేదు, ఏ మెథడ్‌నైనా ఎవరైనా మార్చుకోవచ్చు. ఆబ్జెక్ట్‌కు సందేశం అందగానే ముందు దాని క్లాసులోని మెథడ్ల పట్టికలో పేరు వెతుకుతారు. దొరక్కపోతే పై క్లాసుకు, అక్కడా లేకపోతే ఆ పైదానికి పోతారు. వెతుకులాట ఎప్పుడూ కింది నుంచే మొదలవుతుంది కాబట్టి కింద రాసుకున్నదే గెలుస్తుంది. అసలు ఎక్కడా దొరకకపోతే, ‘నాకు అర్థం కాలేదు’ అని చెప్పే మెథడ్ ఒకటి నడుస్తుంది. దాన్ని కూడా మార్చి రాసుకోవచ్చు.

స్మాల్‌టాక్ ఇచ్చిన అసలైన కానుక ‘సూపర్’. ఓవర్‌రైడ్ చేసిన మెథడ్ లోపలి నుంచే పైవారి పాత మెథడ్‌ను పిలిచే మాట అది. గరుడ ఛార్జీ లెక్క మొత్తం కొత్తగా రాయనక్కర్లేదు. సూపర్‌తో పై లెక్క తెప్పించుకుని దానికి ఏసీ రుసుము కలిపితే చాలు. రోజువారీ కోడులో కనిపించే ఓవర్‌రైడింగ్‌లో ఎక్కువ భాగం ఇలా పాతదాన్ని ఉంచుకుని దాని మీద ఇంకొంత చేర్చడమే. సూపర్ లేకుండా ఈ పద్ధతి ఇంత దూరం వచ్చేది కాదు. అదే కాలంలో ఎంఐటీ లిస్ప్ యంత్రాల మీద పుట్టిన ఫ్లేవర్స్ అనే వ్యవస్థ, అసలు మెథడ్ జోలికి పోకుండా దానికి ముందు ఇది చేయి, తర్వాత ఇది చేయి అని చెప్పుకునే వీలు కల్పించింది. ఆ పద్ధతి తర్వాత కామన్ లిస్ప్‌లోకి చేరింది.

ప్రపంచంలోని ఇంజనీరింగ్ కాలేజీల్లోకి మాత్రం ఓవర్‌రైడింగ్ సీ ప్లస్ ప్లస్ ద్వారానే అడుగుపెట్టింది. డెన్మార్క్‌కు చెందిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేస్తూ సిమ్యులాలో ఒక పెద్ద ప్రోగ్రాం రాశాడు. ఆలోచనను అందులో పెట్టడం హాయిగా ఉంది, నడపబోతే భరించలేనంత నెమ్మది. చివరికి అంతా బీసీపీఎల్ అనే కింది స్థాయి భాషలో తిరగరాయాల్సి వచ్చింది. ఆ అనుభవం మనసులో ఉండగానే 1979లో బెల్ ల్యాబ్స్‌లో చేరి, సీ భాషకు క్లాసులు జోడించే పని మొదలుపెట్టాడు. 1983లో దానికి వర్చువల్ ఫంక్షన్లు వచ్చాయి, సీ ప్లస్ ప్లస్ అనే పేరూ అదే ఏడాది స్థిరపడింది. 1985లో భాష మార్కెట్‌లోకి వచ్చింది.

సిమ్యులాలాగే ఇక్కడా అనుమతి పైనుంచే రావాలి. వర్చువల్ అని రాస్తేనే ఓవర్‌రైడింగ్, రాయకపోతే లేదు. దీనికి స్ట్రౌస్ట్రప్ చూపిన కారణం ఖర్చు. వర్చువల్ ఫంక్షన్లున్న ప్రతి క్లాసుకు కంపైలర్ వాటి చిరునామాలతో ఒక పట్టిక తయారుచేస్తుంది. ప్రతి ఆబ్జెక్ట్‌లో ఆ పట్టికను చూపే పాయింటర్ ఒకటి దాచిపెడుతుంది. పిలిచిన ప్రతిసారీ పట్టిక చూసి, చిరునామా తీసుకుని దూకాలి. స్మాల్‌టాక్ వెతుకులాటతో పోలిస్తే ఇది చాలా చవక, కానీ మామూలు ఫంక్షన్ పిలుపు కన్నా కొంచెం ఎక్కువ. వాడుకోని సౌకర్యానికి ఎవరూ మూల్యం చెల్లించకూడదన్నది ఆయన పట్టుదల. చిన్నచిన్న ఆబ్జెక్టులను లక్షల సంఖ్యలో సృష్టించే ప్రోగ్రాముల్లో ఆ పాయింటర్ ఆక్రమించే జాగా కూడా తక్కువేమీ కాదు.

రెండో ప్రశ్న దగ్గరే సీ ప్లస్ ప్లస్ లోటు పెట్టింది. చైల్డ్ క్లాసు తాను మారుస్తున్నట్టు చెప్పనక్కర్లేదు. అందువల్ల మార్చబోయి పొరబడినా ఎవరూ హెచ్చరించరు. పైన ఛార్జీ మెథడ్ దూరాన్ని పూర్ణసంఖ్యగా తీసుకుంటుంటే, కింద రాసేవారు దశాంశసంఖ్యగా తీసుకున్నారనుకుందాం. పేరు ఒకటే, పారామీటర్ వేరు. కంపైలర్ దృష్టిలో ఇది ఓవర్‌రైడింగ్ కాదు, కొత్త ఫంక్షన్. పైగా ఆ కొత్త పేరు పాతదాన్ని కప్పేస్తుంది కూడా. ప్రోగ్రాం చక్కగా కంపైల్ అవుతుంది, చక్కగా నడుస్తుంది, గరుడ టికెట్‌కు మామూలు బస్సు ఛార్జీ ముద్రిస్తుంది. ఇలాంటి తప్పు తెర మీద ఎర్ర అక్షరాలతో ప్రత్యక్షం కాదు, ఎవరో లెక్కలు సరిచూసినప్పుడు పట్టుబడుతుంది.

వర్చువల్ ఫంక్షన్లు పుట్టిన 1983లోనే వరంగల్ ఆర్ఈసీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్ ప్రారంభమైంది. ఊళ్లో అప్పటికే 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, 1980లో మొదలై అందరూ కిట్స్ అని పిలిచే కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. 1990లలో, ఆ తర్వాతి దశాబ్దంలో హన్మకొండ, హసన్‌పర్తి చుట్టుపక్కల కొత్త ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా కంప్యూటర్ సైన్స్ సీటు ఇంటింటి కోరికగా మారిన కాలమది. 2002లో ఆర్ఈసీ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అంటే నిట్ అయింది.

ఈ తరం విద్యార్థులు ఓవర్‌రైడింగ్‌ను మొదట చూసింది టర్బో సీ ప్లస్ ప్లస్ నీలిరంగు తెర మీద. బోర్లాండ్ కంపెనీ 1990లో విడుదల చేసిన ఆ కంపైలర్ రాష్ట్రంలో చాలా కాలేజీల ల్యాబుల్లో రెండు దశాబ్దాలు దాటాక కూడా కొనసాగింది. పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది, ఫ్లాపీలో పట్టుకుపోవచ్చు, సీనియర్ల రికార్డుల్లోని ప్రోగ్రాములు మార్పు లేకుండా పనిచేస్తాయి. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్ పంక్తితో మొదలై, ఒక కీ నొక్కేదాకా ఆగే గెట్చ్‌తో ముగిసే ప్రోగ్రాము ఎన్ని వేల రికార్డు పుస్తకాల్లో ఉందో! బాలగురుస్వామి పాఠ్యపుస్తకం, దానికి తోడు కాలేజీ ఎదుట జిరాక్స్ షాపులో దొరికే నోట్సు: చదువు ఈ రెంటి మీదే సాగింది.

ఆ ల్యాబుల్లో ఓవర్‌రైడింగ్ పాఠం ‘షేప్’ అనే పేరెంట్ క్లాసుతో, ‘సర్కిల్’, ‘రెక్టాంగిల్’ అనే చైల్డ్ క్లాసులతో నడిచేది. మంచి అధ్యాపకులు అక్కడ ఒక చిన్న ప్రయోగం చేయించేవారు. పేరెంట్ క్లాసు పాయింటర్‌లో సర్కిల్ చిరునామా పెట్టి వైశాల్యం అడిగితే సర్కిల్ జవాబు వస్తుంది. వర్చువల్ అనే ఒక్క మాట తీసేసి మళ్లీ నడిపితే షేప్ జవాబు వస్తుంది. ఆ ఒక్క మాట ఏం చేస్తుందో కళ్లారా చూసినవారికి పాయింటర్ రకం వేరు, అది చూపే ఆబ్జెక్ట్ రకం వేరు అన్న సంగతి జీవితాంతం గుర్తుంటుంది. వైవాలో మాత్రం ఓవర్‌లోడింగ్‌కూ ఓవర్‌రైడింగ్‌కూ తేడా చెప్పమన్న ప్రశ్నే తిరిగి తిరిగి వచ్చేది. ఓవర్‌లోడింగ్‌లో పేరు ఒకటే, పారామీటర్లు వేరు, కంపైలర్ ముందే తేల్చేస్తుంది. ఓవర్‌రైడింగ్‌లో రెండూ ఒకటే, తీర్పు రన్ టైమ్‌లో. ఈ జవాబు అప్పజెప్పినవారిలో ఎంతమందికి, పొరపాటున మొదటిది రాసి రెండోదనుకునే ప్రమాదం తెలుసన్నది వేరే విషయం. పాఠ్యపుస్తకాలు రెంటినీ పక్కపక్కన పట్టికలో పెట్టాయి గానీ ఒకటి జారి మరొకటయ్యే తీరును చెప్పలేదు. కంపైలర్ కూడా చెప్పలేదు.

వరంగల్ ల్యాబుల్లో ఈ పాఠం నడుస్తున్న కాలానికే ఓవర్‌రైడింగ్ మీద ఇంకో లోతైన చర్చ జరిగిపోయింది. మార్చే హక్కు ఉంది సరే, ఎంతవరకు మార్చవచ్చు? 1987లో అమెరికాలోని ఓర్లాండోలో జరిగిన ఊప్స్‌లా సదస్సులో బార్బరా లిస్కోవ్ దీని మీద కీలకోపన్యాసం చేసింది. పేరెంట్ ఆబ్జెక్ట్ ఉన్నచోట చైల్డ్ ఆబ్జెక్ట్‌ను పెట్టినా వాడుకునే కోడుకు ఆశ్చర్యం కలగకూడదన్నది సారాంశం. 1994లో జానెట్ వింగ్‌తో కలిసి దాన్ని గణితరూపంలో స్థిరపరిచింది. ‘బస్సు’ క్లాసు ఏ దూరానికైనా ఛార్జీ చెబుతానని మాట ఇచ్చాక, గరుడ క్లాసు వచ్చి తక్కువ దూరాలకు చెప్పనని మొరాయిస్తే, పేరూ పారామీటర్లూ అన్నీ కలిసినా అది చెల్లని ఓవర్‌రైడింగ్. కంపైలర్‌కు అందని తప్పు ఇది.

ఫ్రాన్స్‌కు చెందిన బెర్ట్రాండ్ మేయర్ ఈ తప్పును భాషకే అందేలా చేయబూనాడు. 1980ల నడుమ ఆయన రూపొందించిన ఐఫెల్ భాషలో మెథడ్‌కు ముందు షరతులు, తర్వాతి హామీలు రాయవచ్చు. ఓవర్‌రైడ్ చేసే క్లాసు ముందు షరతులను సడలించవచ్చు గానీ బిగించకూడదు. హామీలను పెంచవచ్చు గానీ తగ్గించకూడదు. రెండో ప్రశ్నకు నిండు జవాబిచ్చిన తొలి భాషల్లోనూ ఐఫెల్ ఒకటి. వారసత్వం చెప్పుకునే చోటే ఏయే మెథడ్లను తిరగరాస్తున్నారో ‘రీడిఫైన్’ అని జాబితా ఇవ్వాలి. చెప్పకుండా మార్చడం కుదరదు. ఐఫెల్ మన కాలేజీల సిలబస్‌లోకి రాకపోవడం నష్టమే. ఓవర్‌రైడింగ్ అంటే ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమని అంత స్పష్టంగా నేర్పిన భాష మరొకటి లేదు.

సిలబస్‌లోకి వచ్చింది జావా. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గాస్లింగ్ బృందం తయారుచేసిన ఈ భాష 1995లో లోకానికి తెలిసి, 1996 జనవరిలో తొలి కిట్‌గా వచ్చింది. 1998 నవంబర్‌లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వరంగల్ నుంచి బీటెక్, ఎంసీఏ పూర్తిచేసుకున్నవారు రైలెక్కి అమీర్‌పేట హాస్టళ్లలో దిగడం ఆ కాలపు ఆనవాయితీ అయింది. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో కోర్ జావా మొదటి మెట్టు. కోర్ జావాలో ఓవర్‌రైడింగ్ ఇంటర్వ్యూల కోసం తప్పక నూరిపోసే అధ్యాయం. తెలుగువారిలో ఓవర్‌రైడింగ్‌ను ఇంతగా ఇంటిమాట చేసింది ఆ తరగతి గదులే. ఫైనల్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేయవచ్చా, స్టాటిక్‌ను చేస్తే ఏమవుతుంది, ప్రైవేట్ సంగతేమిటి అన్న ప్రశ్నలకు జవాబులు అక్కడివారికి కంఠస్థం.

జావా స్మాల్‌టాక్ వైపు మొగ్గింది. ప్రైవేట్ కాని ఆబ్జెక్ట్ మెథడ్లన్నీ మొదటినుంచే మార్చుకోదగినవి. వద్దనుకుంటే పైవారే ఫైనల్ అని గడియ పెట్టాలి. అనుమతి అడగక్కర్లేదు, ప్రకటనా అక్కర్లేదు. దీంతో సీ ప్లస్ ప్లస్‌లోని మౌనపు తప్పు ఇక్కడ ఇంకా తేలికైంది. అందులో అతి ప్రసిద్ధమైనది ఈక్వల్స్ మెథడ్. రెండు ఆబ్జెక్టులు సమానమో కాదో చెప్పే ఈ మెథడ్ అందరికీ మూలమైన ‘ఆబ్జెక్ట్’ క్లాసు నుంచి వస్తుంది, దాని పారామీటర్ కూడా ఆబ్జెక్ట్ రకమే. స్టూడెంట్ క్లాసు రాసేవారు సహజంగానే పారామీటర్‌ను స్టూడెంట్ అని రాస్తారు. అది ఓవర్‌లోడింగ్ అయిపోతుంది. నేరుగా పోల్చి చూస్తే సరిగ్గానే జవాబు వస్తుంది, ఒక లిస్టులో వేసి వెతికితే మాత్రం ఉన్న విద్యార్థి కూడా లేడని వస్తుంది. లిస్టు పిలిచేది ఆబ్జెక్ట్ క్లాసు పాత ఈక్వల్స్‌ను కాబట్టి.

2004 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 5 దీనికి మందు తెచ్చింది. మెథడ్ నెత్తిన ఓవర్‌రైడ్ అనే అనోటేషన్ రాస్తే, పైన నిజంగా అలాంటి మెథడ్ ఉందో లేదో కంపైలర్ చూసి, లేకపోతే అక్కడికక్కడే ఆపేస్తుంది. 2006లో జావా 6 ఇంటర్‌ఫేస్ మెథడ్లకూ దీన్ని విస్తరించింది. అయితే ఇది ఐచ్ఛికం. పాత కోడు కోట్ల పంక్తుల్లో ఉండగా తప్పనిసరి చేయడం జావాకు సాధ్యం కాలేదు. రాసినవారికి రక్ష, రాయనివారికి పాత ప్రమాదమే.

అనుమతి లేకుండా అన్నిటినీ తెరిచి ఉంచడం వల్ల పుట్టిన సమస్య ఇంకా పెద్దది. లియోనిడ్ మిఖైలోవ్, ఎమిల్ సెకెరిన్‌స్కీ 1998లో ఫ్రజైల్ బేస్ క్లాస్ సమస్య పేరుతో దీన్ని నిశితంగా పరిశీలించారు. పేరెంట్ క్లాసు లోపలి పనితీరును, బయటికి ఏ తేడా కనిపించకుండా కొంచెం సర్దినా, దాన్ని నమ్ముకున్న చైల్డ్ క్లాసు కూలిపోవచ్చు. జాషువా బ్లాక్ 2001 నాటి తన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో దీనికి ఇచ్చిన ఉదాహరణ ప్రోగ్రామర్లందరికీ తెలిసిందే. హ్యాష్‌సెట్ అనే జావా క్లాసులో ఎన్ని వస్తువులు చేరాయో లెక్కపెట్టే చైల్డ్ క్లాసు ఒకటి. ఒక్కటి చేర్చే యాడ్ మెథడ్‌నూ, గుంపుగా చేర్చే యాడ్ఆల్ మెథడ్‌నూ అది ఓవర్‌రైడ్ చేసి, తన లెక్క పెంచుకుని, సూపర్‌ను పిలుస్తుంది. మూడు వస్తువులను గుంపుగా చేరిస్తే లెక్క ఆరు చూపిస్తుంది. పైనున్న యాడ్ఆల్ లోలోపల ఒక్కో వస్తువుకూ యాడ్‌ను పిలుస్తుంది, ఆ పిలుపు చైల్డ్ క్లాసు యాడ్‌కే వస్తుంది. రెండుసార్లు లెక్కపడింది. యాడ్ఆల్‌ను ఓవర్‌రైడ్ చేయకుండా వదిలేస్తే లెక్క కుదురుతుంది గానీ, రేపు పైవారు యాడ్ఆల్ లోపలి తీరు మార్చితే మళ్లీ తప్పుతుంది. వారసత్వానికి తగినట్టు రూపొందించి వివరంగా రాసిపెట్టండి, లేదంటే మూసేయండి అన్నది బ్లాక్ సలహా. ముప్పై ఏళ్ల అనుభవం తర్వాత జావా పండితులు సిమ్యులా జవాబు వైపు తిరిగి చూశారన్నమాట.

అప్పటికే డెన్మార్క్‌కు చెందిన ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు కట్టాడు. బోర్లాండ్‌లో ఉండగా 1995లో ఆయన తెచ్చిన డెల్ఫీలో పైవారు వర్చువల్ అనీ, కిందివారు ఓవర్‌రైడ్ అనీ రాయాలి. మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాక 2000లో ప్రకటించి 2002లో విడుదల చేసిన సీ షార్ప్‌లో దాన్ని మరింత బిగించాడు. ఆయన చూపిన ముఖ్యకారణం లైబ్రరీల కొత్త వెర్షన్లు. ఒక కంపెనీ చైల్డ్ క్లాసులో ‘ప్రింట్’ అని తన మెథడ్ రాసుకుంది, పేరెంట్‌లో ఆ పేరు లేదు. రెండేళ్లకు పేరెంట్ లైబ్రరీ కొత్త వెర్షన్‌లో ‘ప్రింట్’ వచ్చింది. జావా పద్ధతిలో కింది మెథడ్ తనకు తెలియకుండానే పైదాన్ని ఓవర్‌రైడ్ చేసేస్తుంది. సీ షార్ప్ అలా జరగనివ్వదు. రెంటినీ వేరుగా ఉంచి, కంపైలర్ హెచ్చరిస్తుంది. ఓవర్‌రైడ్ కావాలో, ‘న్యూ’ అని రాసి వేరుగానే ఉంచుకోవాలో రాసేవారు తేల్చుకోవాలి. రెండు వైపులా సంతకం కోరే ఈ ఒప్పందం ఇప్పటిదాకా వచ్చినవాటిలో అత్యంత న్యాయమైనది.

తరవాతి ఇరవై ఏళ్లలో మిగతా భాషలు ఒక్కొక్కటిగా ఆ వైపు నడిచాయి. స్కాలాలో నిజమైన కోడు ఉన్న మెథడ్‌ను మార్చాలంటే ఓవర్‌రైడ్ రాయక తప్పదు. సీ ప్లస్ ప్లస్ 2011 ప్రమాణంలో ఓవర్‌రైడ్, ఫైనల్ రెండూ చేరాయి, పాత కోడు చెడకుండా ఐచ్ఛికంగా. ఆపిల్ 2014లో తెచ్చిన స్విఫ్ట్‌లో ఓవర్‌రైడ్ తప్పనిసరి. 2016లో తొలి స్థిరరూపం అందుకున్న కాట్లిన్‌లో క్లాసులూ మెథడ్లూ మూసే ఉంటాయి. ఓపెన్ అని పైవారు తలుపు తీయాలి, ఓవర్‌రైడ్ అని కిందివారు చెప్పి లోపలికి రావాలి. 2021లో టైప్‌స్క్రిప్ట్, 2023లో పీహెచ్‌పీ, అదే ఏడాది పైథాన్ 3.12 ఈ ప్రకటనకు చోటిచ్చాయి. స్వేచ్ఛకు పేరుపడ్డ పైథాన్ కూడా ఇలా చేయడం విశేషమే, అయితే అక్కడ దాన్ని తనిఖీ చేసేది విడిగా నడిపే టైప్ చెకర్. మరోవైపు గో భాష క్లాసు వారసత్వాన్నే పక్కనపెట్టింది. అందులో ఒక నిర్మాణంలో మరోదాన్ని ఇముడ్చుకోవచ్చు, దాని మెథడ్ పేరుతోనే బయట ఇంకోటి రాసుకోవచ్చు. లోపలి మెథడ్లు మాత్రం తమలో తాము పిలుచుకున్నప్పుడు బయటిదాన్ని ఎన్నడూ చూడవు. హ్యాష్‌సెట్ చిక్కు అక్కడ పుట్టనే పుట్టదు.

వరంగల్ విద్యార్థుల చేతుల్లోకి ఈ మార్పులు ఎక్కువగా ఆండ్రాయిడ్ ద్వారా వచ్చాయి. మినీ ప్రాజెక్టుగా ఒక చిన్న యాప్ రాసేవారెవరైనా మొట్టమొదట చూసే పంక్తి ఆన్‌క్రియేట్ మెథడ్ ఓవర్‌రైడ్. దాని లోపల సూపర్‌ను పిలవడం మరిచిపోతే ఆండ్రాయిడ్ ఊరుకోదు, సూపర్‌ను పిలవలేదని స్పష్టంగా చెప్పి యాప్‌ను ఆపేస్తుంది. పైవారి పని తప్పకుండా జరగాలన్న నార్వే వారి పట్టుదల ఇక్కడ రన్ టైమ్ తనిఖీగా మారింది. ఇన్నర్ లాంటిది భాషలోనే ఉంటే ఆ తనిఖీ అవసరమే ఉండేది కాదు. 2017లో గూగుల్ కాట్లిన్‌ను ఆండ్రాయిడ్‌కు అధికారికంగా అంగీకరించాక, జావాలో ఐచ్ఛికంగా నేర్చుకున్న మాటను విద్యార్థులు తప్పనిసరిగా రాయడం మొదలైంది.

2020 జనవరి 7న మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీల కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. చదువుకున్న ఊళ్లోనే ఇతరులు రాసిన పేరెంట్ క్లాసుల మీద పనిచేసే అవకాశం కొందరికైనా వచ్చింది. ల్యాబుల్లో టర్బో స్థానంలోకి జీసీసీ, ఎక్లిప్స్, వీఎస్ కోడ్ వంటివి వచ్చాయి. జీసీసీలో 2015 నుంచి ఒక హెచ్చరిక ఉంది. కోరుకుంటే, ఓవర్‌రైడ్ అని రాయకుండా మార్చిన ప్రతి వర్చువల్ ఫంక్షన్‌నూ అది వేలెత్తి చూపుతుంది. సర్కిల్ వైశాల్యం ప్రోగ్రామును ఆ హెచ్చరికతో కంపైల్ చేసి, అది చూపిన చోట ఓవర్‌రైడ్ అని రాసి, ఆపై పారామీటర్లు మార్చి మళ్లీ కంపైల్ చేయించే ల్యాబు పాఠం ఒక్క గంటలో పూర్తవుతుంది. వర్చువల్ తీసేసి చూపించిన పాత ప్రయోగం పక్కనే దానికీ రికార్డులో చోటు దొరకాలి.